ఏ ఓడ, ఏ రేవు

యుద్ధం వస్తుందా రాదా అన్నది మా ఇంటి యజమాని రోజూ పొద్దున్న ఏడు గంటలకు ఇడ్లీ తింటూ తేల్చేవాడు. శ్రీకాకుళం బజారులో ఆయనకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. కింది వాటా ఆయనది. పై వాటాలో రెండు గదులు నావి. నేను మెట్లు దిగాలంటే ఆయన టీవీ ముందు నుంచే దిగాలి. తెర మీద ఎడారి రంగు మ్యాపు, దాని మీద ఎర్ర బాణాలు, వెనక డప్పుల మోత. ఇరాన్‌లో ఏదో కొండ కింద సొరంగాల్లో యురేనియం శుద్ధి చేస్తున్నారని, అది బాంబు కోసమేనని ఒక పక్షం. కాదు, కరెంటు కోసమని రెండో పక్షం. గడువు పెట్టామని వీళ్లు, ఏం చేసుకుంటారో చేసుకోమని వాళ్లు.

"లాస్ట్ వార్నింగు ఇచ్చీసినారండి మేడంగారూ. ఈసారి కొట్టీడమే!" అనేవాడు చట్నీ గిన్నె పక్కకు జరుపుతూ, మన ఊరి జట్టు కప్పు గెలవబోతున్నంత సంబరంగా.

"ఎవరిని?" అని అడిగాను ఒకసారి.

"ఆళ్లనేనండి. ఆ సొరంగాల్ని."

"సొరంగాల్లో మనుషులుండరా?"

"మీరు టీచరుగా సేసినారు కదండీ, దేనికైనా కొశ్నన్లే మీకు," అని నవ్వాడు.

నిజమే. విజయనగరంలో చదువుకుని, ఈ జిల్లా హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. గోడకు మ్యాపు తగిలించి, బెత్తం మొనతో దేశాలు చూపించిన చేయి ఇది. మ్యాపు మీద ఎక్కడ వేలు పెట్టినా కింద ఎవరిదో ఒక వంటిల్లు ఉంటుందని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ మాట టీవీ వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. తమ గోదాముల నిండా బాంబులు పేర్చుకున్నవాళ్లు ఎదుటివాడి పెరడు తవ్వి చూస్తామంటారు. చూడనివ్వం అని మొండికేసిన ఆ దేశపు పెద్దలు కూడా తక్కువేమీ కాదు, తమ పంతానికి తమ జనాన్ని తాకట్టు పెట్టారు. ఇద్దరికీ మధ్య ఉన్న నీళ్లలో ఎవరు బతుకుతున్నారో అడిగేవాడు లేడు.

అడగడం గురించి మాట్లాడే హక్కు నాకూ లేదనుకోండి. శ్రీకూర్మం వైపు మాకు కొన్ని ఊళ్ల ముఖాసా ఉండేదని, అంటే చిన్నపాటి జమీ అని, ఇప్పుడు చెబితే నవ్వుతారు. ఊళ్లు పోయాయి. సర్కారు బాకీల కింద లోగిలి పోయింది. దాని దూలాలు ఎవరి హోటలుకో వెళ్లాయని విన్నాను. మిగిలింది ఒక పద్ధతి. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడగరు. పెట్టిన చేతులకు అడగడం రాదనేది నాయనమ్మ. పెట్టడానికి ఏమీ మిగలని రోజుల్లో కూడా మేం అడగడం నేర్చుకోలేదు. లోగిలిలో రెండు గదులైనా మాకు వదలమని అర్జీ పెట్టుకోండి, దొరుకుతాయి అని ఒక ఆఫీసరు నాన్నగారికి చెప్పి పంపించాడు. నాన్నగారు అర్జీ రాశారు కాని, అందులో ప్రార్థన అన్న మాట లేదు, దయ అన్న మాట లేదు. ఇల్లు ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో మాత్రం రెండు పేజీల్లో తెలియజేశారు. ఆ కాగితం ఏమైందో తెలియదు. ఆ వేసవిలోనే మేం బయటికొచ్చాం. బయటికొచ్చేటప్పుడు కూడా నాన్నగారు తల వంచలేదని మా అమ్మ గొప్పగా చెప్పేది. నేనూ చాలాకాలం గొప్పగానే చెప్పుకున్నాను.

నాకు చేపలు తెచ్చే మనిషి పన్నెండేళ్లుగా తెలుసు. శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డు పల్లె వాళ్లది. తెల్లారి మొదటి ఆటోలో గంపతో దిగి, మా వీధి మొదట్లోనే కేక పెడుతుంది: "అమ్మగోరూ! కానాగంతలు!" ఆ కేకతో వీధిలో పిల్లులన్నీ లేస్తాయి. ఒక రోజు కేక వినబడలేదు. కిందికి వస్తే మెట్టు మీద కూర్చుని ఉంది. గంప ఒళ్లో ఉంది. కళ్లు యజమాని టీవీ మీద ఉన్నాయి.

"అమ్మగోరూ, ఆ బొమ్మలో నీలం రంగుది సముద్రమేనా?"

"సముద్రమే."

"ఆ సన్నంగా ఉన్నాది సూడండి, పీకలాగ. మావోడు అక్కడే ఉన్నాడంట."

ఆమె భర్త సొంత తెప్ప మీద వేటకెళ్లేవాడు. ఇక్కడ చేప తగ్గాక కొన్నేళ్లు గుజరాత్ బోట్ల మీద పనిచేశాడు. తర్వాత ఊళ్లో ఎవరో చెబితే ఏజెంటు ద్వారా ఓడ మీద ఖలాసీగా వెళ్లాడు. ఇదంతా నాకు తెలుసు. ఒప్పందం ముగిసి నాలుగు నెలలైందని, బదులు మనిషి రాలేదంటూ ఓడ వాళ్లు దింపడం లేదని అప్పటిదాకా నాకు తెలియదు. ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు పైన విమానాలు తిరుగుతున్నాయన్నాడట. ఆ తర్వాత తొమ్మిది రోజులుగా ఫోన్ కలవలేదు.

గంప దించి, చేపల మీద నీళ్లు చల్లుతూ అడిగింది: "అణువంటే ఏటమ్మగోరూ? రణస్థలం కాడ ఏదో ఫేక్టరీ కడతామంటన్నారే, అదేనా?"

"అలాంటిదే. దాంతో కరెంటు తీయొచ్చు. ఇంకొంచెం ముందుకెళ్తే బాంబూ చేయొచ్చు."

"మరి ఆళ్లేటి సేస్తన్నారు?"

"తగువంతా అదే. కరెంటంటున్నారు వాళ్లు. బాంబంటున్నారు వీళ్లు."

"ఈళ్లకాడ నేవా బాంబులు?"

"ఉన్నాయి. బోలెడున్నాయి."

"అయితే ఇది మా ఇంట్లో కత్తిపీట తగువేనండి. కత్తిపీట ఎప్పుడూ మా అత్త సేతిలోనే ఉంతాది. నాను ముట్టుకుంతే మాత్రం 'నన్ను సంపేస్తాదర్రో' అని వీధెక్కుతాది."

నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది. లోపల డప్పులు మోగుతూనే ఉన్నాయి.

ఆమె నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. "సోమవారం గ్రీవెన్సుకు వెళ్దాం. అర్జీ నేను రాస్తాను," అన్నాను. రాయడానికి కూర్చుంటే నాన్నగారి అర్జీ గుర్తుకొచ్చింది. ప్రార్థన అన్న మాట దగ్గర కలం ఆగింది. చివరికి, ఈమె భర్తను క్షేమంగా దింపించమని అడుగుతున్నాం అని రాసి ఊరుకున్నాను.

సోమవారం కలెక్టరు ఆఫీసు వరండాలో కాగితం పట్టుకుని నిలబడ్డాను. నా వంశంలో ఆ వరసలో నిలబడ్డ మొదటి మనిషిని నేనే. ముందు ఇద్దరు భూమి తగువు వాళ్లు, వెనక పింఛను ఆగిపోయిన ఒక ముసలాయన. మా వంతు వచ్చాక, కాగితం తీసుకున్న కుర్రాడు మర్యాదగానే చదివాడు.

"ఓడ పేరు రాయలేదు మేడమ్."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నేల వైపు చూసింది.

"ఏ రేవులో ఎక్కాడు?"

"దుబాయి పక్క, బాబూ."

"కంపెనీ?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను కలం కింద పెట్టాడు. "ఆ నీళ్లలో ఎన్నో ఓడలుంటాయి మేడమ్. ఏ ఓడని దిల్లీకి రాయమంటారు? పేరు తెచ్చివ్వండి. ఈ రోజు తెస్తే ఈ రోజే పంపిస్తాను."

అందులో అతని తప్పేమీ లేదు. బయటికొచ్చాక నా కోపమంతా ఆమె మీద చూపించాను.

"మొగుడు ఏడాది నుంచి ఓడ మీదున్నాడు. దాని పేరు ఒక్కసారి అడగలేదా నువ్వు?"

"అడక్కూడదు కదమ్మగోరూ."

"ఏమిటి అడక్కూడదు?"

"సముద్రం మీదకెళ్లే మనిషిని ఎక్కడికి అని అడక్కూడదు. ఎప్పుడొస్తావనీ అడక్కూడదు. ఎల్లొస్తానంటాడు. సరే అంటాం. అంతే."

గడప దాటేవాడిని ఎక్కడికి అని అడగకూడదన్నది మా ఇళ్లలోనూ ఉంది. అడిగితే మనిషి వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. కాని మాకది ఒక మాట. వాళ్లకు ప్రాణం. ఆమె తోడికోడలు కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో తెప్ప తోస్తున్న మొగుణ్ని 'ఏ దిక్కుకి?' అని అడిగిందట. ఆ తెప్ప తిరిగి రాలేదు. అది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ పల్లెలో పెళ్లి జరిగితే ఆ మనిషిని పందిట్లోకి పిలవరు.

"అతను పోయింది గాలివాన వల్ల. ఆమె అడిగినందుకు కాదు," అన్నాను.

"అది మీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా నోరు రాదమ్మగోరూ. మావోడూ ఎప్పుడూ సెప్పలేదు. నాను అడగలేదని ఆడికి దయిర్యం."

ఫోన్‌లో అతను పంపిన ఫొటోలు చూశాను. నారింజరంగు బట్టలు, టోపీ, వెనక నీళ్లు. ఎక్కడా ఓడ పేరు లేదు.

పేరు తెలిసినవాడు ఒక్కడే, ఏజెంటు. బస్టాండుకు దగ్గర్లో మేడ మీద అతని ఆఫీసు ఉంది. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి అక్కడి నుంచే అటు నడిచాం. గది నిండా జనం, అందరూ ఒడ్డు ఊళ్ల వాళ్లే, చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో పాస్‌పోర్టులు. గోడ మీద ఓడ బొమ్మ. అతను నన్ను చూసి లేచాడు. అంత గౌరవం ఎందుకా అనుకున్నాను.

"మీరు లోగిలి వారి మనవరాలు కదండీ? మా తాత మీ గుమ్మంలో బంట్రోతు. ఎవరొచ్చినా, ఏం పని మీదొచ్చావని అడిగి లోపలికి పంపేది ఆయనేనంట." మళ్లీ కూర్చున్నాడు. "ఇప్పుడు నేనడుగుతున్నాను. ఏం పని మీదొచ్చారు?"

గదిలో ఎవరో నవ్వారు. నేను చెప్పాను. "ఈమె భర్త ఓడ పేరు చెప్పు."

"అలా గదమాయిస్తే ఎలాగండి? అవి కంపెనీ విషయాలు. బయట పెట్టకూడదు. ఈమెకి ముందే చెప్పాను, బదులు మనిషి రాగానే దింపుతారు. యుద్ధం లేదు, ఏమీ లేదు. టీవీలు చూసి భయపడితే ఎలా?"

"బాబూ, నీ కాళ్లట్టుకుంతాను," అంటూ ఆమె వంగింది. నేను ఆమె రెక్క పట్టుకుని ఆపాను. ఆమె వంగడం చూడలేకపోయాను. ఆపాక ఏం చేయాలో మాత్రం తెలియలేదు. నాకు తెలిసినవి రెండే పనులు, ఆజ్ఞాపించడం, లేచి వెళ్లిపోవడం. ఆజ్ఞ పనిచేయలేదు. వెళ్లిపోతే నా వెన్ను నిటారుగానే ఉంటుంది, ఆ మనిషి మాత్రం ఆ నీళ్లలోనే ఉంటాడు. నాన్నగారు తల వంచకుండా బయటికి వచ్చిన ఆ రోజు అమ్మ చంకలో మా తమ్ముడు జ్వరంతో ఉన్నాడన్న సంగతి, ఎందుకో, అప్పుడు గుర్తొచ్చింది.

"అడుగుతున్నాను బాబూ," అన్నాను. "ఆ ఓడ పేరేమిటి? ఏ రేవులో ఉంది?"

"కూర్చోండమ్మా."

"కూర్చోను. మీ తాత మా గుమ్మంలో నిలబడ్డాడు. నువ్వు చెప్పేదాకా నేను నీ గుమ్మంలో నిలబడతాను. మళ్లీ అడుగుతున్నాను. ఏ ఓడ? ఏ రేవు?"

అతను ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. గోడవార ఒక ముసలాయన ఉన్నాడు, కొడుకు పాస్‌పోర్టు ఇవ్వడానికి వచ్చినట్టున్నాడు. చేతిలో కవరు అటూ ఇటూ తిప్పి అన్నాడు: "అవును గానీ బాబూ, మావోణ్ని ఏ ఓడెక్కిస్తన్నావు?"

"నీకెందుకు తాతా ఇప్పుడు?"

"నాను సచ్చినా రాయాలి కదేటి, ఆడికి ఉత్తరం. ఎక్కడికి రాస్తారు?"

కిటికీ దగ్గర నుంచి ఇంకొక ఆడమనిషి అందుకుంది: "మా తమ్ముడిదేటి? ఆడు ఎక్కి రెండు నెలలైనాది." ఆమె వెనక ఇంకొకరు. అందరూ తమ చేతిలో కవర్ల వైపు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ గదిలో ఒక్కరికీ ఓడ పేరు తెలియదు. అడిగితే కీడని వాళ్లు ఊరుకున్నారు. వాళ్లు ఊరుకుంటారని ఇతను ధీమాగా ఉన్నాడు.

ఏజెంటు ఒక కాగితం ముక్క మీద రెండు మాటలు గీకి నా వైపు తోశాడు. "తీసుకెళ్లండి. గొడవ చేయకండి." మేం మెట్లు దిగుతుంటే లోపల గొడవ పెద్దదైంది. ఆ గొడవ నా చెవులకు హాయిగా ఉందని ఒప్పుకుంటాను.

ఓడకు ఎవరో పరదేశపు ఆడమనిషి పేరు పెట్టారు. చదివి వినిపిస్తే చేపలామె బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మ! ఆడకూతురు పేరేటి ఓడకి! ఏడాది నుంచి దానికాడే ఉన్నాడా? మా అత్తకి సెప్పకండి అమ్మగోరూ."

గ్రీవెన్సు కుర్రాడు మాట నిలబెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే కాగితం పైకి వెళ్లింది. తర్వాత చేయడానికేమీ లేదు, టీవీ చూడడం తప్ప. గడువు దగ్గర పడిందన్నారు. యుద్ధనౌకలు కదిలాయన్నారు. బాంబు ఎంత లోతుకు దిగుతుందో ఒక కుర్రవాడు సూటు వేసుకుని, పెన్సిలు పట్టుకుని వివరించాడు. కింద మా యజమాని రెండో ఇడ్లీ తుంచుతూ, "రేపో మాపో మొదలైపోతాదండి మేడంగారూ! ఓ దెబ్బకి తేలిపోతాది," అన్నాడు.

నాకు ఎప్పుడూ గొంతు పెద్దది కాదు. ఆ రోజు వీధికి వినిపించింది. "మీ గుమ్మంలో పన్నెండేళ్లుగా చేపలమ్మే మనిషి భర్త ఆ ఎర్ర బాణం మొన కింద ఉన్నాడు. ఒప్పందం అయిపోయినా దిగనివ్వడం లేదు. అతని పైన దెబ్బ పడితే మీకు ఏం తేలుతుందో చెప్పండి. వింటాను."

ఆయన చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి టీవీ కట్టేసింది. "ఆ సేపలామె మొగుడా? ఏటండీ, ముందే సెప్పలేదు?" అన్నాడు చివరికి.

"మీరు అడిగారా?" అనబోయి ఆగాను. నేను మాత్రం పన్నెండేళ్లలో ఏం అడిగాను? చేప తాజాదేనా అని తప్ప.

అర్జీ ఇచ్చిన పదహారో రోజున వీధి మొదట్లో కేక వినిపించింది. కానాగంతలని కాదు. "అమ్మగోరూ! దింపీసినారు!" పిల్లులన్నీ లేచాయి.

టీవీలో పీకలా కనబడ్డ ఆ జలసంధికి ఇవతల ఏదో రేవులో దింపి, విమానం ఎక్కించారు. మా అర్జీ వల్లనో, ఓడ వాళ్లే భయపడి పంపారో, ఇప్పటికీ నాకు తెలియదు. అతను నన్ను చూడడానికి వచ్చాడు. సన్నగా, నల్లగా ఉన్నాడు. కుర్చీ చూపిస్తే మెట్టు మీదే కూర్చున్నాడు.

"అక్కడ దారి సూపించే మిషన్లకి పిచ్చెక్కిపోనాదమ్మగోరూ. ఎవులో సిగ్నలు సెడగొట్టీసినారు. మేము నీళ్లలో ఉంతే, మిషను మా ఓడ ఏదో ఊళ్లో, రోడ్డు మీదున్నట్టు సూపిస్తాది. కేప్టెను నన్ను ముందుకి నిలబెట్టి, కళ్లతో సూసి సెప్పరా అన్నాడు. మా నాయన తెప్ప మీద సూసినట్టే సూసినాను. అంత పెద్ద ఓడ, నా కళ్ల మీద నడిసినాది."

లోకమంతటినీ తుడిచిపెట్టే ఆయుధాలు పోగేసినవాళ్ల మధ్య నుంచి, ఒక పల్లెకారు తన రెండు కళ్లతో ఓడను దాటించాడు. ఈ వార్త ఏ టీవీలోనూ రాలేదు.

ఆ గడువు దెబ్బ పడకుండానే దాటిపోయింది. మూడు నెలలకు మళ్లీ గడువులు మొదలయ్యాయి, మళ్లీ డప్పులు. అతనికీ మళ్లీ పిలుపొచ్చింది, ఇంకొక ఏజెంటు ద్వారా. వద్దని చెప్పడానికి పల్లెకు వెళ్లాను. కాని తీరంలో వలలు ఎండుతున్నాయి, వాటిలో పడడానికి చేప లేదు. వద్దని ఏ ముఖంతో చెప్పను? వాళ్ల గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్నాను.

అతను సంచి భుజానికి తగిలించుకున్నాడు. తల్లికి, దేవుడి పటానికి దండం పెట్టాడు. "ఎల్లొస్తాను," అన్నాడు. "సరే," అంది తల్లి. అతను గడప దాటి నాలుగడుగులు వేశాడు.

"ఆగు," అంది అతని భార్య వెనక నుంచి. "ఎక్కడికి?"

ముసలామె చేతిలో పసుపునీళ్ల చెంబు కింద పడింది. "ఒసే, నీ నోరు పడిపోను! ఏటడిగినావే!"

"ఎక్కడికి? ఏ ఓడ? ఏ రేవు?" ఆమె గడపలోంచి కదల్లేదు. "సెప్పి కదులు."

పక్క గుడిసెలో నుంచి తోడికోడలు, ఇరవై ఏళ్ల కిందట అదే ప్రశ్న అడిగిన మనిషి, బయటికొచ్చి నిలబడింది.

అతను వెనక్కి వచ్చాడు. సంచి దించి, అరుగు మీద కూర్చున్నాడు. తోడికోడలే గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగాడు. జేబులోంచి కాగితం తీసి ఓడ పేరు, కంపెనీ పేరు, ఎక్కే రేవు ఒక్కొక్కటే చదివాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. పలికింది సరిగ్గా అర్థం కాకపోతే మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పాడు.

లేచి సంచి అందుకున్నాడు. ముసలామె అంతసేపూ గోడ వైపు తిరిగి, మనవల పేర్లు చెప్పి ఏడుస్తోంది. అతను అరుగు దిగుతుంటే ముక్కు చీది, ఎవరినీ చూడకుండా కోడలితో అంది:

"ఎలాగూ నోరిప్పీసినావు కదా. ఎప్పుడొస్తాడో అదీ అడుగు."

అతను మళ్లీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.